పరుగుకు పెట్టుబడి ఎంత?

పోలీసు కొలువు కోసం కొందరు... సైన్యంలో చేరాలని కొందరు... షుగరు అదుపులో ఉండాలని ఇంకొందరు! గుంటూరు, ప్రకాశం పల్లెల్లో తెల్లవారకముందే రోడ్డెక్కేవాళ్లు ఎందరో. పరుగు మొదలుపెట్టిన ప్రతి ఇంట్లోనూ మొదటి వారమే వచ్చే ప్రశ్న ఒక్కటే. ఏం కొనాలి? దేనికి డబ్బు పెట్టాలి? దేనికి పెట్టక్కర్లేదు?

సంక్రాంతి వెళ్లి మిరప కోతలు ఊపందుకునే రోజుల్లో ఇక్కడి ఊళ్లు పొద్దున్నే రెండు దారుల్లో కదులుతాయి. కోత కూలీలు ఆటోలెక్కి చేల వైపు వెళ్తారు. ట్రాక్‌ ప్యాంట్లు వేసుకున్న కుర్రాళ్లు కాలవకట్ట వైపో, హైస్కూలు గ్రౌండు వైపో వెళ్తారు. గుంటూరులో అయితే బ్రహ్మానందరెడ్డి స్టేడియం, ఎన్టీఆర్‌ స్టేడియం ఆ వేళకే సందడిగా ఉంటాయి. అక్కడ కొలువు కోసం పరుగెత్తే ఇరవై ఏళ్ల కుర్రాడి పక్కనే, డాక్టరు చెప్పాడని మెల్లగా పరుగందుకునే యాభై ఏళ్ల మాస్టారూ కనిపిస్తారు.

వీళ్లలో చాలామంది కాళ్ల వైపు చూస్తే విషయం అర్థమవుతుంది. ఒకరు బడికి వేసుకెళ్లిన క్యాన్వాస్‌ షూతోనే వస్తారు. ఒకరు అన్న వాడి వదిలేసినవి వేసుకుంటారు. ఒకరు చెప్పులు గట్టున విప్పేసి వట్టి కాళ్లతో దిగుతారు. ఇంకొకరు అప్పు చేసి మరీ మెరిసే విదేశీ కంపెనీ జత కొనుక్కొస్తారు. నెల తిరిగేసరికి ఈ నలుగురిలో ఎవరు పరుగులో ఉంటారో, ఎవరు పిక్క పట్టేసిందనో మడమ నొప్పనో మంచమెక్కుతారో ముందే చెప్పడం కష్టం. షూ ధరను బట్టి చెప్పడం మరీ కష్టం!

క్వింటాలు మిర్చి... ఒక జత షూ

ఈ నేలమీద ఏ ఖర్చయినా పంటతోనే తూకం వేస్తారు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోయింది. కేంద్రం మార్కెట్‌ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించాల్సి వచ్చింది. పేరున్న కంపెనీల రన్నింగ్‌ షూలో పై తరగతివి పన్నెండు వేలకు తక్కువ దొరకవు. అంటే ఆ ధర ప్రకారం ఒక జతకు క్వింటాలు మిర్చి! మారథాన్‌ విజేతలు వేసుకునే కార్బన్‌ పలక ఉన్న రకమైతే ఇరవై వేలు దాటుతుంది. అది దాదాపు రెండు క్వింటాళ్ల మాట. కౌలు డబ్బులు, మందుల బాకీ పోను మిగిలేదెంతో తెలిసిన ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

అలాగని పిల్లాడి పరుగూ చిన్న విషయం కాదు. పోలీసు కానిస్టేబుల్‌ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. 2022 నవంబరులో వెలువడిన 6,100 పోస్టుల నోటిఫికేషన్‌ ప్రకారం పురుషులు దాన్ని 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలి. అగ్నివీర్‌ ర్యాలీలోనూ 1.6 కిలోమీటర్ల పరుగే. అక్కడ పూర్తి 60 మార్కులు రావాలంటే 5 నిమిషాల 30 సెకన్లలోపు గీత దాటాలి. కొన్ని సెకన్ల తేడాతో ఉద్యోగం అందొచ్చు, చేజారొచ్చు. అందుకే 'ఖరీదైన షూ కొంటే ఆ సెకన్లు కలిసొస్తాయేమో' అన్న ఆశ ఇంటిల్లిపాదికీ ఉంటుంది. దుకాణాల్లోనూ, సెల్‌ఫోన్‌ ప్రకటనల్లోనూ అమ్ముడుపోయేది ఆ ఆశే.

కాస్త లెక్క చూస్తే భయం తగ్గుతుంది. 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే 400 మీటర్ల ట్రాక్‌ మీద ఒక్కో చుట్టు 2 నిమిషాల్లో తిరగాలి. వంద మీటర్లకు 30 సెకన్లు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి మూడు, నాలుగు నెలల క్రమం తప్పని సాధనతో సాధారణంగా అందే వేగమే ఇది. దీనికి కార్బన్‌ పలకలతో పనిలేదు. అసలు ఆ షూ ఇచ్చే ఆదా అంతా ఇప్పటికే గంటలకొద్దీ వేగంగా పరుగెత్తగలిగిన వాళ్లకోసం తయారైంది.

వట్టి కాళ్లతో ఒలింపిక్‌ బంగారం

షూ లేకుండా పరుగెత్తలేరా అంటే... ఎత్తగలరు. ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా 1960 రోమ్‌ ఒలింపిక్స్‌ మారథాన్‌ను వట్టి కాళ్లతోనే గెలిచాడు. అక్కడ ఇచ్చిన షూ సరిపోకపోవడంతో, అలవాటైన పద్ధతిలోనే బరిలో దిగాడు. 42 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో ముగించాడు. ఈ కథ ప్రతి మైదానంలోనూ వినిపిస్తుంది. వినిపించనిది దాని రెండో భాగం. అదే బికిలా 1964 టోక్యో ఒలింపిక్స్‌లో షూ వేసుకుని పరుగెత్తాడు. మళ్లీ బంగారమే. ఈసారి సమయం 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు!

రెండు కథల్లోనూ ఉన్న నీతి ఒక్కటే. కాలికి సరిపడని షూ కంటే వట్టి కాళ్లు నయం. సరిపడేది దొరికితే అంతకంటే నయం. పైగా ఇక్కడి నేలకు ముళ్లున్నాయి. తుమ్మముల్లు, గాజుపెంకు, కోసిన పత్తి మోడు... ఏదో ఒకటి గుచ్చుకుంటే పది రోజుల సాధన పోతుంది. తారు రోడ్డు మీద పరుగు తప్పని వాళ్లకు, బరువున్న వాళ్లకు, షుగరు ఉన్న వాళ్లకు షూ తప్పనిసరి. షుగరు ఉన్నవారికి అరికాలి స్పర్శ తగ్గి, దెబ్బ తగిలినా తెలియకపోవచ్చు.

కాబట్టి కొత్తగా పరుగెత్తేవారి మొదటి ఖర్చు షూకే. అయితే ఎలాంటిది?

పల్లె పాదం వేరు

చిన్నప్పటి నుంచి చెప్పులు లేకుండానో, వేళ్లు విడివిడిగా ఉండే చెప్పులతోనో తిరిగిన పాదం ముందు భాగంలో వెడల్పుగా ఉంటుంది. ఇది వట్టి ఊహ కాదు. బెల్జియం పరిశోధకులు దక్షిణ భారతంలో వట్టి కాళ్లతో నడవడానికి అలవాటుపడ్డ వారి పాదాలను కొలిచి 2009లో ఫలితాలు ప్రచురించారు. షూకి అలవాటుపడ్డ వారితో పోలిస్తే వీరి పాదాలు వెడల్పుగా ఉన్నాయనీ, నడిచేటప్పుడు బరువు పాదమంతా సమంగా పడుతోందనీ తేలింది.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. షోరూముల్లో దొరికే చాలా మోడళ్లు ముందువైపు సన్నగా ఉంటాయి. అద్దంలో అందంగా కనిపిస్తాయి. అందులో వెడల్పు పాదాన్ని ఇరికిస్తే చిటికెన వేలి పక్కన బొబ్బలు, బొటనవేలి గోరు కింద నల్లటి రక్తపు మరక... పదిహేను రోజుల్లోనే మొదలు! అందుకే కొనేటప్పుడు కంపెనీ పేరుకన్నా ముందు కొన్ని విషయాలు చూసుకోవాలి.

షూ సాయంత్రం పూట కొనాలి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది. పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. పరుగెత్తేటప్పుడు వేసుకునే సాక్సులే వేసుకుని చూడాలి. రెండు కాళ్లకూ తొడుక్కుని నిలబడాలి. చాలామందికి ఒక పాదం రెండోదానికంటే కాస్త పెద్దది. ఆ పెద్ద పాదానికి సరిపోయే సైజే తీసుకోవాలి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లోపల వేళ్లు ఆడించగలగాలి. మడమ మాత్రం వెనక జారకూడదు. షూని చేత్తో వంచితే వేళ్ల దగ్గర వంగాలి తప్ప సరిగ్గా మధ్యలో మడత పడకూడదు.

'కొత్తది కదన్నా, కాస్త బిగుతుగా ఉంటుంది' అని కుర్రాడే సర్దుకుపోతుంటాడు. 'వాడితే వదులవుతుందిలే తమ్ముడూ' అని దుకాణదారు తోడవుతాడు. పైన గుడ్డ కాస్త సాగొచ్చేమో గానీ అడుగు భాగం వెడల్పు పెరగదు. కొట్లో బిగుతుగా ఉన్నది కాలవకట్ట మీదా బిగుతుగానే ఉంటుంది. దుకాణం ముందు నాలుగడుగులు పరుగెత్తి చూడనిస్తే సరే. లేదంటే ఇంకో దుకాణం చూసుకోవడమే మంచిది.

ధర పెరిగితే దెబ్బలు తగ్గుతాయా?

పాదం ముద్ర చూసి, వంపు ఎంతుందో కొలిచి, 'మీకు ఈ రకమే వేసుకోవాలి' అని ఖరీదైన జత చూపించే పద్ధతి పట్నాల్లో ఉంది. అమెరికా సైన్యం దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించింది. పదాతి, వైమానిక, మెరైన్‌ దళాల శిక్షణలో వేలమందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పాదం వంపును బట్టి షూ ఇచ్చారు. రెండో జట్టుకు అందరికీ ఒకే రకం ఇచ్చారు. ఆఖర్న చూస్తే రెండు జట్లలోనూ గాయాలు దాదాపు సమానమే!

మరి దేన్ని నమ్మాలి? కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్నో నిగ్‌ బృందం 2001లో ఒక ప్రయోగం ఫలితాలు వెల్లడించింది. సైనికులకు షూలో వేసుకునే మెత్తలు ఆరు రకాలు చూపించి, ఏది హాయిగా ఉంటే అది ఎంచుకోమన్నారు. అలా ఎంచుకున్న వారిలో నొప్పులు, ఎముక చిట్లడాలు తక్కువగా కనిపించాయి. అంటే 'కాలికి హాయిగా ఉందా?' అన్న మామూలు ప్రశ్నే మంచి కొలబద్ద.

లగ్జెంబర్గ్‌ పరిశోధకులు 2020లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో 800 మందికి పైగా పాల్గొన్నారు. గట్టి అడుగున్న షూ వేసుకున్నవారి కంటే మెత్తటి అడుగున్నవి వేసుకున్నవారికి దెబ్బలు తగ్గాయి. కాబట్టి అట్టముక్కలా గట్టిగా ఉండే పలచటి క్యాన్వాస్‌ షూతో రోజూ తారు రోడ్డు మీద పరుగు మంచిది కాదు. అదే పరిశోధకుల మరో అధ్యయనం ప్రకారం రెండు, మూడు రకాల షూ మార్చి మార్చి వేసుకునే వారికి గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనిపించింది. దీన్నిబట్టి పన్నెండు వేలు పెట్టి ఒక జత కొనేకంటే, రెండు మూడు వేల జత ఒకటి కొని, అది కాస్త పాతబడ్డాక ఇంకోటి తీసుకుని రెండూ మార్చుకోవడం మేలనిపిస్తుంది.

కుర్రాళ్లలో నివియా, సెగా లాంటి స్వదేశీ రకాలకు గిరాకీ ఎక్కువ. పెద్ద కంపెనీల్లోనూ పాత మోడళ్లు సీజను మారాక తగ్గింపులో దొరుకుతాయి. ఏది కొన్నా అది 'రన్నింగ్‌' కోసం తయారైనదా కాదా అన్నది ముఖ్యం. ఫుట్‌బాల్‌ స్టడ్‌లు, షటిల్‌ ఆడే షూ దీనికి పనికిరావు. పేరున్న కంపెనీ గుర్తు వేసి ఫుట్‌పాత్‌ మీద అయిదొందలకు అమ్మే నకిలీలు రెండు వానలకే అడుగూడతాయి. సెకండ్‌ హ్యాండ్‌ జత చూడటానికి కొత్తగా ఉన్నా, లోపలి మెత్త అప్పటికే అణగారిపోయి ఉండొచ్చు.

ఫ్లాట్‌ ఫుట్‌ భయం కూడా చాలా ఇళ్లలో ఉంటుంది. సైన్యంలో వైద్య పరీక్షలో తప్పిస్తారేమోనని వందలు, వేలు పోసి ప్రత్యేక మెత్తలు కొంటారు. కర్ణాటక తీరంలో 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించి 1992లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. చెప్పులు, బూట్లు వాడే పిల్లల్లో 8.6 శాతం మందికి, వాడని వారిలో 2.8 శాతం మందికే చదును పాదాలు ఉన్నట్లు అందులో తేలింది. పల్లెలో తిరిగిన పాదం ఈ విషయంలో అదృష్టవంతురాలే! అనుమానం ఉంటే మెత్తలు కొనేముందు ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి. మెత్త వేసుకున్నంత మాత్రాన వైద్య పరీక్షలో పాదం వంపు మారిపోదు.

పత్తి నేలలో పత్తి సాక్సులా?

పత్తి పండించే ఊళ్లో పత్తి వద్దంటే కోపం రావడం సహజమే. వేసవిలో ఒంటికి నూలు చొక్కాను మించింది లేదు. కానీ సాక్సుల సంగతి వేరు. నూలు చెమటను పీల్చుకుని తనలోనే దాచుకుంటుంది. తడిసిన నూలు చర్మానికి అతుక్కుని ఒరుసుకుంటుంది. దాంతో బొబ్బలు! దూరం పరుగెత్తే 35 మందితో అమెరికాలో చేసి 1990లో ప్రచురించిన పరీక్షలో, మెత్త కట్టిన అక్రిలిక్‌ సాక్సులతో పోలిస్తే నూలు సాక్సులు వేసుకున్నప్పుడు బొబ్బలు రెట్టింపు వచ్చాయి.

షూ తర్వాత రెండో ఖర్చు అందుకే సాక్సులకు. నైలాను, పాలిస్టరు కలిసిన స్పోర్ట్స్‌ సాక్సులు రెండు జతలు చాలు. ఒకటి ఉతికి ఆరేసేలోగా రెండోది. టీషర్టు విషయంలో ఈ పట్టింపు అక్కర్లేదు. అరగంట, ముప్పావుగంట పరుగుకు ఇంట్లో ఉన్న లేతరంగు వదులు టీషర్టు చాలు. గంట దాటితే మాత్రం తడిసిన నూలు బరువెక్కి చంకల కింద ఒరుసుకుంటుంది. అప్పుడు తేలికపాటి పాలిస్టరు బనియను గురించి ఆలోచించొచ్చు. తొడలు ఒరుసుకునే వారికి పరుగుకు ముందు రాసుకునే కాస్త వాజలీన్‌ వందల రూపాయల క్రీముల పని చేస్తుంది.

అమ్మాయిలకు ఇంకో ఖర్చు

కానిస్టేబుల్‌ పరుగుకు సిద్ధమయ్యే అమ్మాయిలు ఇంట్లో షూ అడుగుతారు. అంతకంటే అవసరమైన ఇంకోదాన్ని అడగడానికి మొహమాటపడతారు. అది స్పోర్ట్స్‌ బ్రా. పరుగులో ఛాతీ పైకీ కిందికే కాదు, పక్కలకూ ముందుకూ వెనక్కూ కూడా కదులుతుంది. ఆ నొప్పికి భయపడి, చూసేవాళ్లకు జంకి భుజాలు ముడుచుకుని పరుగెత్తే అమ్మాయికి వేగమూ రాదు, ఊపిరీ అందదు. 1977లో అమెరికాలో ముగ్గురు మహిళలు మొదటిసారి ఇలాంటి లోదుస్తు కుట్టింది కూడా తమ పరుగు ఇబ్బంది తీరడానికే. సైజు సరిపోయిన మామూలు రకం అయిదారు వందల్లో దొరుకుతుంది. తల్లులే చొరవ తీసుకుని, షూతో సమానమైన అవసరంగా దీన్ని చూడాలి.

ఇంకో ఖర్చు... నిజానికి ఖర్చే కాదు. అది హిమోగ్లోబిన్‌ పరీక్ష. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తం తక్కువగా ఉంటే ఒంట్లో కండరాలకు ప్రాణవాయువు చాలినంత అందదు. ఎంత సాధన చేసినా రెండో చుట్టుకే ఆయాసం వస్తుంది. దానికి మంచి షూ ఏం చేస్తుంది? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేలి చుక్కతో తేలిపోయే విషయమిది. అక్కడిచ్చే ఐరన్‌ మాత్రలు నెలల తరబడి వేసుకుంటే వచ్చే తేడా ఏ కంపెనీ షూ ఇవ్వలేదు.

వాచీ ఎందుకు? రాళ్లున్నాయిగా!

పదిహేను వేల జీపీఎస్‌ వాచీ చేతికి ఉంటే పరుగు దూరం, గుండె వేగం, నిద్ర... అన్నీ చెబుతుంది. కొత్తవారికి కావలసింది రెండే లెక్కలు. ఎంత దూరం? ఎంతసేపు? సమయానికి సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌ చాలు. దూరానికి చాలా పెద్ద రోడ్ల పక్కన కిలోమీటరు రాళ్ల మధ్య 200 మీటర్లకొకటి చొప్పున చిన్న రాళ్లుంటాయి. ఒక రాయి దగ్గర మొదలుపెట్టి ఎనిమిదో రాయి చేరితే సరిగ్గా 1600 మీటర్లు! అయితే వాహనాలు దూసుకెళ్లే జాతీయ రహదారి పరుగుకు తగిన చోటు కాదు. ఊరి రోడ్డు మీద ఆ రాళ్ల మధ్య ఎన్ని అడుగులు పడుతున్నాయో ఒకసారి లెక్కపెట్టుకుంటే, కాలవకట్ట మీదా అదే కొలత పనికొస్తుంది.

గుండె వేగం తెలియాలంటే మాట్లాడి చూడటమే. సాధన రోజుల్లో ఎక్కువ భాగం పక్కవాడితో ముక్కలు ముక్కలుగా కాకుండా వాక్యం పూర్తిగా మాట్లాడగలిగే వేగంలోనే ఉండాలి. వారానికి ఒకటి, రెండు రోజులే మాట రాని వేగం. కొత్తవాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది షూ కన్నా ఈ తొందరే. మొదటి వారమే రోజూ ప్రాణం పెట్టి పరుగెత్తి, రెండో వారం కాలెముక నొప్పితో కూర్చుంటారు.

చీకటి, నల్లరేగడి, మిరప ఘాటు

ఈ ప్రాంతపు పరుగుకు ఇక్కడివే కొన్ని అవసరాలున్నాయి. తెల్లవారుజామున చీకట్లో తారు రోడ్డు మీద పరుగెత్తే వారికి మొదటి ముప్పు వాహనాలతోనే. మిర్చి టిక్కీలు వేసుకుని యార్డుకు వెళ్లే లారీలు, పత్తి బేళ్ల ట్రాక్టర్లు ఆ వేళ రోడ్డు మీదే ఉంటాయి. రాత్రి పనిచేసే వాళ్లు వేసుకునే మెరుపు పట్టీల జాకెట్టు నూటయాభై రూపాయల్లోపే దొరుకుతుంది. అన్ని ఖర్చుల్లోకీ చవకైనది, అన్నిటికన్నా ముందు ప్రాణం కాపాడేది ఇదే. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడివైపున పరుగెత్తాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అస్సలు వద్దు. ఇదొక ఖర్చు మిగులు కూడా!

నల్లరేగడి వేసవిలో నెర్రెలిస్తుంది. చీకట్లో అందులో కాలు పడితే చీలమండ మడత పడుతుంది. వానాకాలంలో అదే నేల షూకి కిలోల బరువు అంటిస్తుంది. ఆ రోజుల్లో చేలగట్లు మానేసి హైస్కూలు గ్రౌండులో చుట్లు తిరగడం మేలు. బురద పట్టిన షూని నీళ్లతో కడిగి, లోపల పాత పేపరు ఉండలు చుట్టి పెట్టి నీడలో ఆరబెట్టాలి. మిరపకాయలు ఎండబెట్టినట్టు ఎండలో పడేస్తే జిగురు వదిలి, మెత్త గట్టిపడుతుంది. మామూలుగా రన్నింగ్‌ షూ 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తుందంటారు. వారానికి 20 కిలోమీటర్లు పరుగెత్తే వారికి ఆరు నెలల పైమాటే. మూడు వేల జత 600 కిలోమీటర్లు వచ్చిందంటే కిలోమీటరుకు అయిదు రూపాయలు.

ఎండబెట్టిన మిరప కల్లాల పక్కన, తొడిమలు తీసే చోట పరుగెత్తితే ఘాటుకు దగ్గు, కళ్లమంట తప్పవు. ఉబ్బసం ఉన్నవారు ఆ నెలల్లో దారి మార్చుకోవాలి. దాహానికి రంగునీళ్ల సీసాలూ అక్కర్లేదు. గంటలోపు పరుగుకు మంచినీళ్లు చాలు. వేసవిలో చెమట ధారగా కారిన రోజున ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఉండనే ఉంది.

డాక్టరుకు చూపించే ఖర్చు

2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్‌ కానిస్టేబుళ్ల ఎంపిక జరిగింది. పురుషులు 10 కిలోమీటర్లు గంటలో పరుగెత్తాలి. ఆ పరీక్షల సమయంలో పదిమందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. ఇలాంటి వార్త చదివిన ఏ తల్లిదండ్రులకైనా గుండె గుభేలుమంటుంది. పరుగులో ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి గుండె దడ వచ్చిన వారు, ఇంట్లో చిన్న వయసులో గుండె జబ్బుతో పోయినవారు ఉన్న వారు, నలభై దాటిన వారు సాధన మొదలుపెట్టకముందే డాక్టరును కలవాలి. బీపీ, షుగరు, అవసరమైతే ఈసీజీ... ఈ ఖర్చు షూ ఖర్చులో సగం కూడా కాదు. ఓపిక పెంచుతాయంటూ ఎవరో ఇచ్చే ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు మింగి పరుగెత్తడం మాత్రం డబ్బిచ్చి ప్రమాదం కొనుక్కోవడమే. జ్వరంతో ఉన్న రోజు పరుగు మానేయాలి. ఎండ ముదిరేలోగా ఇంటికి చేరాలి.

మూడు వేలుంటే...

ఇప్పుడు అన్నీ కలిపి లెక్క వేసుకోవచ్చు. ఇంట్లో పరుగు కోసం మూడు వేలు పక్కన పెట్టగలిగితే, రెండు వేల దాకా కాలికి సరిపోయిన రన్నింగ్‌ షూకి. మూడొందలు రెండు జతల సాక్సులకు. నూటయాభై మెరుపు జాకెట్టుకు. మిగిలిన అయిదొందల చిల్లర అబ్బాయికైతే రక్తపరీక్షకు, గుడ్లకు, అరటిపళ్లకు. అమ్మాయికైతే స్పోర్ట్స్‌ బ్రాకు. వెయ్యే ఉంటే? మైదానం మట్టి మెత్తగా ఉన్నచోట చవక రకంతో మొదలుపెట్టి, వారానికి నాలుగు రోజులు నడక, పరుగు కలిపి సాగించొచ్చు. రెండు నెలలు క్రమం తప్పకుండా వెళ్తే అప్పుడు మంచి జత కొనొచ్చు. వాచీ, కంప్రెషన్‌ సాక్సులు, ప్రొటీన్‌ డబ్బా, కార్బన్‌ షూ... ఇవన్నీ ఏడాది తర్వాతి మాట. చాలామందికి అప్పుడూ అక్కర్లేదు.

కొలువు కోసం పరుగెత్తేవారు తేదీ లెక్క కూడా చూసుకోవాలి. ఆ 6,100 పోస్టుల ప్రిలిమినరీ పరీక్ష 2023 జనవరి 22న జరిగింది. దాదాపు 95 వేల మంది అర్హత సాధించారు. వారికి దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు 30న! మధ్యలో దాదాపు రెండేళ్లు. ఫలితం రాగానే ఖరీదైన జత కొని 'పరుగు రోజు కోసం' అటక మీద దాచిపెట్టినా లాభం లేకపోయేది. దాచిన షూ కూడా ముసలిదవుతుంది, జిగురు ఎండిపోతుంది. సాధన మాత్రం ఆపకూడదు. సాధనకు వాడే జత అరుగుతుంటే, పరీక్ష తేదీ ఖాయమయ్యాకే కొత్తది కొనాలి. దాన్ని కనీసం రెండు, మూడు వారాలు వాడి కాలికి అలవాటు చేసుకోవాలి. పరీక్ష రోజున కొత్త షూ, కొత్త సాక్సులు తొడుక్కోవడమంత తప్పు ఇంకోటి లేదు. స్పైక్స్‌ కొనాలనుకునేవారు వాటిని అనుమతిస్తారో లేదో నోటిఫికేషన్‌లో, హాల్‌టికెట్‌ సూచనల్లో ముందే చదువుకోవాలి.

పంటకు ఎంత ఎరువు వేసినా, అదను తప్పితే దిగుబడి రాదని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. పరుగుకు షూ ఎరువు లాంటిది. అదను మాత్రం వారానికి నాలుగు పొద్దులు. అది ఏ దుకాణంలోనూ దొరకదు.